ఓడ కదలక ముందే

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం గురించి మనవాళ్ళు ఏనాడో సామెత చెప్పారు. బావి ముందుగానే తవ్వి ఉన్నా, చేద ఎక్కడ పెట్టారో, తాడు నీళ్ళకు అందుతుందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే ఏమవుతుందో మాత్రం ఆ సామెతలో లేదు. ప్రయాణికుల ఓడలకు గత నూరేళ్ళకు పైగా జరిగిన ప్రమాదాలను వరసగా చదువుతూ పోతే, సామెత చెప్పకుండా వదిలిన ఆ రెండో సంగతే మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

ఓడ ప్రయాణం మనవాళ్ళకు కొత్త కాదు. కోరంగి, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి రంగూనుకు ఓడలెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళు వేలూ లక్షలూ. వాళ్ళు పొట్ట చేత పట్టుకుని డెక్కు మీద పడుకుని వెళ్ళారు. ఇప్పుడు మనం సెలవులు గడపడానికి వెళ్తున్నాం. ముంబై నుంచి, చెన్నై నుంచి విహార నౌకలు బయలుదేరడం చూశాం. 2022 లో విశాఖ రేవు కూడా ఆ జాబితాలో చేరింది. టికెట్ కొన్నవాడు గది ఎలా ఉంటుంది, భోజనంలో శాకాహారం దొరుకుతుందా అని అడుగుతాడు. ప్రమాద ఘంట మోగితే ఎటు వెళ్ళాలని అడిగేవాడు అరుదు. ఓడ కదిలేముందు ప్రయాణికులందరినీ ఒకచోట చేర్చి, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో, ఏ పడవ దగ్గరికి ఏ దారిన వెళ్ళాలో చూపించే కార్యక్రమాన్ని డ్రిల్లు అంటారు. అరగంట పట్టే ఆ పనికి విసుక్కునేవారే ఎక్కువ. ఆ అరగంట ఎంత ఖరీదు పెట్టి సంపాదించుకున్నదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కామర్స్ చదివి, మూడు దశాబ్దాలుగా లెడ్జర్ల మధ్య గడిపినవాణ్ణి కనుక అంకెలతోనే మొదలుపెడతాను.

టైటానిక్ గురించి తెలియనివారు లేరు. 1912 ఏప్రిల్ 14 రాత్రి 11 గంటల 40 నిమిషాలకు అది మంచుకొండను రాసుకుంది. 15 వ తేదీ తెల్లవారుజామున 2 గంటల 20 నిమిషాలకు మునిగిపోయింది. ఓడలో సుమారు 2,200 మంది ఉన్నారు. లైఫ్ బోట్లు 20. అన్నీ నిండితే 1,178 మంది పడతారు. అంటే సగం మందికి పైచిలుకు మాత్రమే చోటుంది. ఇందులో కంపెనీ చట్టాన్ని మీరిందేమీ లేదు. పదివేల టన్నులు దాటిన ఓడకు 16 పడవలుంటే చాలని అప్పటి బ్రిటిష్ నిబంధన. టైటానిక్ 46 వేల టన్నుల ఓడ. ఓడలు పెరిగాయి, నిబంధన పెరగలేదు.

పడవలు చాలలేదన్నది అందరికీ తెలిసిన కథ. ఉన్న పడవలయినా నిండలేదన్నది అంతగా చెప్పుకోని కథ. బతికినవారు సుమారు 710 మంది. 1,178 లోంచి 710 తీసివేస్తే 468. అంటే నాలుగు వందల యాభై మందికి పైగా పట్టే చోటు ఖాళీగా పోయింది. మొదట దించిన పడవలో 65 మంది పట్టాలి. ఎక్కినవారు 28 మంది. మరొక పడవలో 40 మందికి చోటుంటే 12 మందే వెళ్ళారు. ఎందుకని? ప్రయాణంలో ఒక్కసారయినా ప్రయాణికులకు డ్రిల్లు జరగలేదు. సౌతాంప్టన్‌లో రెండు పడవలను దించి ఎత్తి చూపించడంతో సిబ్బంది డ్రిల్లు అయిందనిపించారు. నిండుగా జనాన్ని ఎక్కించి దించితే పడవను వేలాడదీసిన ఇనుప చేతులు తట్టుకోవేమోనని పడవలు దించుతున్న అధికారులే సందేహించారు. అవి తట్టుకుంటాయని ముందే పరీక్షించి చూశారు, కానీ ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఓడంతటికీ వినిపించే ప్రమాద ఘంట కూడా లేదు. దీపాలు వెలుగుతున్న ఇంత పెద్ద ఓడను వదిలి, చీకట్లో ఆ చిన్న పడవలోకి ఎందుకు దిగాలో మొదటి గంటలో చాలామందికి అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి పడవలు వెళ్ళిపోయాయి.

లోకం మేలుకుంది. 1914 జనవరిలో లండన్‌లో దేశాలు సమావేశమై సముద్రంలో ప్రాణరక్షణ కోసం మొదటి అంతర్జాతీయ ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. ఓడలో ఉన్న ప్రతి ఒక్కరికీ పడవలో చోటుండాలన్న సూత్రం అక్కడ స్థిరపడింది. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఆ ఒడంబడిక అమలు దాకా పోలేదు గాని, సూత్రం నిలిచింది.

అయితే పడవలు పెంచితే సరిపోతుందా? 1915 జూలై 24 న అమెరికాలోని చికాగో నదిలో జరిగిన సంగతి చూడండి. ఈస్ట్‌లాండ్ అనే ఓడలో ఒక కార్ఖానా ఉద్యోగులు కుటుంబాలతో సహా విహారయాత్రకు ఎక్కారు. అసలే ఆ ఓడకు పైబరువు ఎక్కువ, నిలకడ తక్కువ. టైటానిక్ తరువాత వచ్చిన చట్టం ప్రకారం దాని పై డెక్కు మీద అదనపు పడవలు చేర్చారు. ఆ ఉదయం, ఇంకా రేవుకు కట్టి ఉండగానే, ఓడ పక్కకు ఒరిగి బోర్లా పడింది. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. 844 మంది చనిపోయారు. భద్రతంటే లెక్క చూపించడానికి పెట్టే సామాను కాదని ఇంతకన్నా కఠినంగా చెప్పే ఉదాహరణ నాకు కనిపించలేదు.

మూడో ఉదాహరణలో డబ్బు ప్రసక్తి నేరుగానే వస్తుంది. హవానా, న్యూయార్క్ నగరాల మధ్య తిరిగిన మారో కాసిల్ ఆ రోజుల్లో విలాసవంతమైన ఓడ. ఒకసారి డెక్కు మీద నీళ్ళు కారి ఉన్నచోట ఒక ప్రయాణికురాలు జారిపడి కంపెనీ మీద దావా వేసిందని చెబుతారు. ఆ తరువాత ఆ ఓడలో మంటలార్పే గొట్టాలను బయటికి తీయడం తగ్గిపోయింది; డ్రిల్లులు నామమాత్రమయ్యాయి. ప్రయాణికులకు ఇబ్బంది లేదు, కంపెనీకి దావాల బెడద లేదు. పద్దులో చూస్తే అది ఆదాయే. 1934 సెప్టెంబరు 8 తెల్లవారుజామున, న్యూజెర్సీ తీరం దగ్గర, ఆ ఓడలో నిప్పంటుకుంది. కెప్టెన్ అంతకు కొన్ని గంటల ముందే హఠాత్తుగా చనిపోయాడు. కింది అధికారి పగ్గాలు పట్టుకుని ఇంకా కుదురుకోలేదు. మంటలను ఎలా అడ్డుకోవాలో, ప్రయాణికులను ఎటు తీసుకుపోవాలో ఎవరికీ స్పష్టత లేదు. ముందుగా దిగిన పడవల్లో అత్యధికులు సిబ్బందే. నీళ్ళలోకి దూకిన ప్రయాణికుల్లో కొందరిని వాళ్ళు వేసుకున్న లైఫ్ జాకెట్లే దెబ్బ తీశాయి. అంత ఎత్తు నుంచి దూకేటప్పుడు జాకెట్‌ను రెండు చేతులతో కిందికి అదిమి పట్టుకోవాలి. లేకపోతే నీటిని తాకగానే అది పైకి ఎగదన్ని గడ్డానికీ మెడకూ తగులుతుంది. ఈ చిన్న విషయం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్పినవారు లేరు. మొత్తం 130 మందికి పైగా మరణించారు.

ఆ దుర్ఘటన తరువాత అమెరికాలో నిప్పంటుకోని సామగ్రి, వాటంతటవి మూసుకునే తలుపులు, సిబ్బంది శిక్షణ గురించి కట్టుదిట్టమైన నియమాలు వచ్చాయి. అంతర్జాతీయ ఒడంబడికనూ 1929, 1948, 1960, 1974 సంవత్సరాల్లో తిరిగి తిరిగి రాశారు. ఈ నియమాల పుస్తకంలో చాలా పేజీల వెనక ఏదో ఒక ఓడ పేరు ఉంటుంది. మన బ్యాంకుల్లో సర్క్యులర్లు కూడా అంతే కదా. ఎక్కడో ఒక శాఖలో మోసం జరిగాక వచ్చే సర్క్యులరే ఎక్కువ.

ఇన్ని మార్పుల తరువాత కూడా నియమంలో ఒక చిన్న సందు మిగిలింది. ప్రయాణికులు ఓడ ఎక్కిన 24 గంటల లోపల డ్రిల్లు జరిపితే చాలన్నారు. ఆ 24 గంటల లోపలే ప్రమాదం జరిగితే? ఆ ప్రశ్నకు జవాబు 2012 జనవరి 13 న వచ్చింది.

ఆ సాయంత్రం కోస్తా కాంకోర్డియా అనే ఇటలీ విహార నౌక చివితావెక్యా రేవు నుంచి బయలుదేరింది. ఓడలో 4,229 మంది. వారిలో దాదాపు 700 మంది ప్రయాణికులు ఆ రోజు ఆ రేవులోనే ఎక్కినవారు. వాళ్ళ డ్రిల్లు మరునాటికి పెట్టారు. నియమం ప్రకారం తప్పేమీ లేదు. రాత్రి 9 గంటల 45 నిమిషాలకు, జిల్యో దీవికి మరీ దగ్గరగా పోనిచ్చిన ఓడ, నీటిలోని బండను ఒరుసుకుంది. పక్క భాగం 50 మీటర్లకు పైగా చీలిపోయింది. దీపాలు ఆరాయి. విద్యుత్తులో లోపమే తప్ప ఇంకేమీ లేదని ప్రయాణికులకు ప్రకటించారు. ప్రమాద ఘంట మోగింది 10 గంటల 33 నిమిషాలకు. ఓడ వదలమన్న ఆజ్ఞ ఇంకో ఇరవై నిమిషాల తరువాత. అంటే గంటకు పైగా కాలం చేజారింది. అప్పటికి ఓడ ఒరిగిపోయింది. ఒరిగిన ఓడలో ఎత్తుకు లేచిన పక్కన ఉన్న పడవలను దించడం దుస్సాధ్యం. ఏ గుంపు ఎక్కడ చేరాలో తెలియని జనం వసారాల్లో అటూ ఇటూ తోసుకున్నారు. 32 మంది చనిపోయారు. అందులో మన దేశం నుంచి వెళ్ళి ఆ ఓడలో పనిచేస్తున్న ఒక వెయిటరూ ఉన్నాడు. ప్రయాణికులు లోపల ఉండగానే ఓడ విడిచిన కెప్టెన్‌కు 2015 లో 16 ఏళ్ళ జైలుశిక్ష పడింది.

కెప్టెన్ అపరాధం గురించి పత్రికలు రాసినంతగా ఆ దాదాపు 700 మంది గురించి రాయలేదు. డ్రిల్లు జరిగి ఉంటే ఆ 32 మందీ బతికేవారని నేననను; అలా అనడానికి ఆధారం లేదు. కాని, తీరానికి అంత దగ్గరలో జరిగిన ప్రమాదంలో, నౌకా కంపెనీలకే ఆ సందు కంటబడింది. ఒక నెల తిరగకుండానే, ఓడ బయలుదేరే ముందే డ్రిల్లు జరుపుతామని ఆ కంపెనీల సంఘాలు ప్రకటించాయి. 2015 జనవరి 1 నుంచి అది అంతర్జాతీయ నియమం అయింది: బయలుదేరేముందు, లేదా బయలుదేరిన వెంటనే. టైటానిక్ నుంచి ఈ ఒక్క వాక్యానికి చేరడానికి నూట మూడేళ్ళు పట్టింది.

డ్రిల్లు చేసే మేలు ఏమిటని ఎవరైనా అడగవచ్చు. భయం పట్టినప్పుడు మనిషి ఆలోచించడు. అలవాటైన దారినే వెళ్తాడు. ఓడలో అలవాటైన దారి అంటే తన గది, లేదా తాను లోపలికి వచ్చిన ద్వారం. రెండూ ప్రాణం కాపాడే చోట్లు కాకపోవచ్చు. ఒక్కసారి కాళ్ళతో నడిచిన దారి, వేళ్ళతో బిగించిన కట్టు మనసు మరిచినా ఒంటికి గుర్తుంటాయి. ఇది ఓడలకే కాదు, విమానాలకూ వర్తిస్తుంది. 2024 జనవరి 2 న టోక్యో హనెడా విమానాశ్రయంలో దిగుతున్న జపాన్ విమానం మరొక విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. అందులోని 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ఎనిమిది ద్వారాల్లో మూడే వాడటానికి వీలయింది. లోపలి మైకు పనిచేయకపోతే సిబ్బంది చేతి మైకులతో, అరుపులతో నడిపించారు. వాళ్ళు ఏటేటా చేస్తూ వచ్చిన అభ్యాసం ఆ రోజు పనికొచ్చింది.

కోవిడ్ రోజుల్లో జనాన్ని ఒకచోట చేర్చకూడదు కాబట్టి, విహార నౌకల్లో కొత్త పద్ధతి వచ్చింది. ప్రయాణికులు ఫోన్‌లోనో గదిలోని టీవీలోనో వీడియో చూసి, తీరిక చూసుకుని తమ సమావేశ స్థలానికి వెళ్ళి హాజరు వేయించుకోవాలి. కోవిడ్ తగ్గినా కొన్ని కంపెనీలు దీన్నే కొనసాగించాయి. రద్దీ లేదు, తొక్కిసలాట లేదు, విసుగు లేదు, సౌకర్యంగానే ఉంది. అయితే వీడియో ఆడుతుండగా పెట్టె సర్దుకునేవారిని, చూశామని బొత్తాం నొక్కి ఊరుకునేవారిని ఆపేదెవరు? సంతకం ఉన్నంత మాత్రాన ఓచరు సరైనదని మేము అనుకోం. హాజరు పడినంత మాత్రాన అభ్యాసం జరిగిందని అనుకోకూడదు.

ఇదంతా పెద్ద ఓడల సంగతి, మనకెందుకని అనుకోవద్దు. 2019 సెప్టెంబరు 15 న పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. 77 మందిలో 26 మందే బతికారు. ఒడ్డునున్న గిరిజనులు పడవలేసుకుని వెళ్ళకపోతే ఆ 26 మందీ దక్కేవారు కాదు. పడవలో లైఫ్ జాకెట్లున్నాయి. ప్రమాద సమయానికి చాలామంది వాటిని వేసుకుని లేరని బతికినవారే చెప్పారు. 2024 డిసెంబరు 18 న ముంబై గేట్‌వే నుంచి ఎలిఫెంటాకు వెళ్తున్న పడవను నౌకాదళపు వేగపడవ ఢీకొని 15 మంది చనిపోయారు. అక్కడా జాకెట్ల గురించి అదే మాట వినిపించింది. యానాంలో గోదావరి దాటేవారికీ, ఒడిశాలో చిలకలో పడవెక్కేవారికీ, ముంబై రేవులో నిలబడేవారికీ ఇది పరాయి దేశపు చరిత్ర కాదు.

బ్యాంకులు తమ డబ్బులో కొంత భాగాన్ని వడ్డీ రాకపోయినా నిల్వగా ఉంచాలి. మామూలు రోజుల్లో చూస్తే అది దండగ. డిపాజిటుదార్లు వరస కట్టిన రోజున ఆ నిల్వే పరువు నిలబెడుతుంది. డ్రిల్లు అలాంటి నిల్వ. దాని లాభం ఏ పద్దులోనూ కనపడదు, ఎందుకంటే జరగని నష్టానికి ఖాతా లేదు.

కనుక పాఠకులకు మనవి ఒక్కటే. ఓడ ఎక్కినా, లాంచీ ఎక్కినా, పెట్టె దించగానే మూడు సంగతులు చూసుకోండి: జాకెట్ ఎక్కడుంది, దాన్ని ఎలా కట్టుకోవాలి, బయటికి రెండు దారులు ఏవి. ఏడు పొట్టి కూతలూ ఒక పొడుగు కూతా వినిపిస్తే అది పెద్ద ఓడలో ప్రమాద సంకేతమని ఇంట్లో పిల్లలకు చెప్పండి. డ్రిల్లుకు పిలిస్తే కుర్చీలోంచి లేవండి. పక్కనున్న పెద్దవాళ్ళకు జాకెట్ తాడు ముడి వేయడం రాకపోతే, మీరు వేసి, విప్పి, మళ్ళీ వాళ్ళచేతే వేయించండి.