కోడి రామమూర్తినాయుడు

ఆంధ్రదేశమున వ్యాయామవిద్యకు జనాదరణము కల్పించిన మల్లయోధుడు, వ్యాయామశిక్షకుడు. నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టమున జన్మించి, బాల్యముననే తల్లిని కోల్పోయి, విజయనగరమున పినతండ్రి యింట పెరుగుచు, చదువుకంటె కుస్తీగోదాయందే మనసు నిలిపిన యీ బలశాలి, మద్రాసు సైదాపేటలో ఒక యేడు వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమునకు తిరిగివచ్చి, తాను చదివిన పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. అచ్చటనే వ్యాయామశాలను నెలకొల్పెను.

పిదప పొట్టి పంతులు అనువారి సాహాయ్యమున సర్కసు సంస్థను స్థాపించి, ఛాతీకి చుట్టిన ఉక్కుగొలుసును ఊపిరి బిగించి తెంచుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట, కదలనున్న మోటారుకార్లను త్రాళ్లతో పట్టి నిలుపుట మున్నగు ప్రదర్శనములతో దేశదేశముల నలరించి, లండనులో పంచమ జార్జి చక్రవర్తి మన్నన నందెను. ఇంతటి దేహబలమును శాకాహారముతోడనే పోషించెననుట మాంసమే బలమనువారు గమనింపదగినది. ఏనుగు కథ యెఱిగినంతగా వ్యాయామశాల కథను జనులెఱుగకపోవుట శోచనీయము. ప్రదర్శకుని కీర్తి శిక్షకుని కప్పివేసినది.

కాలి వ్రణముచే కాలు కోల్పోయిన యీ కలియుగభీముడు 1942లో ఒడిశాలోని బలాంగీర్‌లో మరణించెను. శ్రీకాకుళము క్రీడాప్రాంగణమునకు ఆయన పేరే పెట్టిరి. విశాఖ సాగరతీరమున ఆయన విగ్రహము కలదు.