నుదుటి చర్మం, కొత్త ముక్కు

చర్మం కింద సిలికోన్ సంచి అమర్చి, వారం వారం సూదితో సెలైన్ ఎక్కిస్తూ పైచర్మాన్ని పెంచే పద్ధతిని అమెరికాలో డాక్టర్ చెడోమిర్ రాడోవాన్ 1976లో మొదలుపెట్టాడు. యాభై ఏళ్లయింది. కాలిన మచ్చ తీసేసిన చోట కప్పడానికి పక్కనే అదే రంగు చర్మం దొరుకుతుంది, తలమీదైతే జుట్టుతో సహా. వేసవిలో తాటాకు ఇళ్లు అంటుకోవడం చూసిన దివిసీమ వాళ్లకు దీని విలువ తెలుసు.

చర్మం సాగుతుందన్న ఎరుక మాత్రం పాతదే. కుట్టిన చెవిలో మూడు రోజులకోసారి వత్తి లావు పెంచుతూ పోవాలని సుశ్రుతుడు చెప్పాడు. తెగిన తమ్మెలు అతకడానికి పదిహేను విధాలూ చెప్పాడు. గుడివాడ పల్లెల్లో బరువు కమ్మలకు సాగిన అమ్మమ్మల చెవులు మనం చూసినవే. సుశ్రుతుడి తర్వాత శతాబ్దాల తరబడి ఈ పనితనం రాతల్లో అరుదుగా తప్ప కనపడదు.

నాకెంతో ఇష్టమైన కథ 1792 నాటిది. ఇంగ్లీషు సైన్యంలో ఎడ్లు తోలే కవాస్‌జీని టిప్పు సైనికులు పట్టుకుని ముక్కూ ఒక చెయ్యీ కోసేశారు. ఏడాది పాటు ముక్కు లేకుండా బతికిన అతనికి పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన కొత్త ముక్కు పెట్టాడు. పల్చటి మైనం రేకును ముక్కు ఆకారంలో మలిచి, దాన్ని చదును చేసి నుదుటిపై పరిచి చుట్టూ గీత గీశాడు. ఆ మేరకు చర్మం ఒలిచి, కనుబొమల మధ్య చిన్న పట్టీ వదిలి, కిందికి తిప్పి అతికించాడు. నీళ్లలో నానిన కాచు పట్టించిన గుడ్డ కట్టాడు. కొన్నాళ్లకు కట్టు విప్పి నేతి గుడ్డలు వేశాడు. ఇరవై అయిదో రోజు దాకా ఆ పట్టీ కొయ్యలేదు. కొత్త చర్మానికి నెత్తురు దాని గుండానే అందాలి! 1794లో లండన్ జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ బొమ్మతో సహా ఇదంతా అచ్చేసింది. అది చదివి జోసెఫ్ కార్ప్యూ 1814లో లండన్‌లో అదే ఆపరేషన్ చేశాడు. కార్ప్యూ పేరు చరిత్రకెక్కింది, ఆ ఇటుకల కులస్థుడి పేరు ఎవరూ రాసుకోలేదు. నాకది అన్యాయంగానే తోస్తుంది.

ఒలిచిన నుదుటి మీద గాయం మిగిలేది. ఇప్పుడు సంచితో ముందే నుదురు పెంచితే అది కూడా మూసుకుంటుంది. రాడోవాన్ కంటే ముందే, 1957లో, న్యూయార్క్‌లో చార్లెస్ న్యూమన్ ఇలాగే చెవి కోసం బెలూన్ వాడినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నేటికీ చీము పట్టడం, సంచి బయటపడటం లాంటి చిక్కులున్నాయి. నాగాయలంక కూలీ రెండు మూడు నెలలు వారం వారం పని మానుకుని విజయవాడ వెళ్లడం సాధ్యమా? మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల తెరిచారు. కనీసం ఆ వారం వారం సూదులైనా అక్కడే వేయించుకునే ఏర్పాటు ఉండాలి.