ఓలి పోయి కట్నం వచ్చె

కట్నం మన వాడల్లో పుట్టలేదు. రెండు మూడు తరాల కిందటి దాకా మాలమాదిగల్లో నడిచింది ఓలి. మగపెళ్లివాళ్లే పిల్ల తండ్రికి డబ్బిచ్చి పిల్లను తెచ్చుకునేవాళ్లు. ఆ పిల్ల నాట్లేస్తుంది, కోత కోస్తుంది, కూలి తెస్తుంది. ఒక ఇంట్లో తగ్గిన ఆ రెండు చేతులకు కట్టిన వెల అది. పై కులాలవాళ్లు దాన్ని పిల్లనమ్ముకోవడమన్నారు. 1897లో అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కం'లో పసిపిల్లల్ని ముసలాళ్లకు అమ్మింది ఏ ఇళ్లల్లో? అది మాత్రం సంస్కరణ సమస్య అయింది!

అట్లాగని ఓలిని నెత్తికెత్తుకోనక్కర్లేదు. మా తాతకు సెంటు భూమి లేదు. ఓలికీ, పెళ్లికూటికీ ఊళ్లో ఆసామి దగ్గర అప్పు తెచ్చి పాలేరుగా కుదిరాడు. అప్పు తీరలేదు. మా నాయన నడక నేర్చి కొంచెం ఎదగ్గానే అదే ఇంట్లో గొడ్లు కాశాడు. పెళ్లి ఒకరిది, చాకిరీ రెండు తరాలది. 1976లో వచ్చిన వెట్టిచాకిరి రద్దు చట్టం ఇట్లాంటి అప్పు చాకిరీని నేరమంది. అప్పటికి మా తాత లేడు.

ఓలి కట్టలేనోడు ఇల్లరికం పోయేవాడు. లేదంటే మారుమనువు చేసుకునేవాడు, దానికి ఓలి తక్కువ. మొగుడు పోయినా, మొగుణ్ణి వదిలేసినా మా ఆడవాళ్లు మారుమనువుకు పోయేవాళ్లు. 1881లో రాజమండ్రిలో వీరేశలింగం వితంతు వివాహం చేయిస్తే చరిత్రకెక్కింది. మా వాడల్లో అది ఎప్పటినుంచో ఉన్న సంగతి. దాన్ని రాసేవాడే లేడు.

1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. మా వాడలోకి కట్నం వచ్చింది ఆ తర్వాతే, నెలజీతంతో పాటు. నాకు టీచరుద్యోగం రాగానే సంబంధాలవాళ్లు "ఎంతడుగుతారు?" అన్నారు. "మా నాయన ఇచ్చి చేసుకున్నాడు, నా కొడుకు పుచ్చుకుని చేసుకోడు" అన్నాడు మా నాయన. అట్లాగే చేసుకున్నాను. నాతో చదివి పదిలో ఆగిపోయిన కూలోడికి ముప్పై దాటినా ఎవరూ పిల్లనివ్వలేదు. చివరికి మొగుడొదిలేసిన ఒకామె, అతనూ తాళి లేకుండానే కలిసి బతుకుతున్నారు. వాడ వాళ్లను మొగుడూ పెళ్లాలనే అంటుంది. రేషన్ కార్డు కోసం పోతే ఆఫీసోళ్లు మాత్రం పెళ్లికాగితం అడిగారు.

అప్పుడూ ఇప్పుడూ మగాడి చేతిలో ఏముందో చూసే పిల్లనిస్తున్నారు. మారింది మరొకటుంది. మా ఆడవాళ్లు ఇంకా కలుపు తీస్తున్నారు, కోత కోస్తున్నారు. వాళ్ల పని పోలేదు, దాని వెల పోయింది. జీతగాడి వెల పెరిగింది.

తమ్ముళ్లారా, రేపు మీకూ ఉద్యోగాలొస్తాయి. మీ ముందే మీ రేటు మాట్లాడతారు. అప్పుడు మీ అవ్వకు ఓలి ఎంతిచ్చారో, ఆ అప్పు ఎవరు ఎన్నేళ్లు తీర్చారో ఇంట్లో అడగండి. అది మన చరిత్ర.