ఒక దినము, పెక్కు రణరంగములు: 1942 ఏప్రిల్ 6

యుద్ధచరిత్రలు చదువువారు సాధారణముగ గొప్ప జయాపజయములు కలిగిన దినములనే జ్ఞాపక ముంచుకొందురు. కోటలు పట్టువడిన దినములకును, సేనాపతులు లొంగిపోయిన దినములకును పాఠ్యగ్రంథములలో స్థానము దొరకును. 1942 ఏప్రిల్ 6వ తేది అట్టిది కాదు. ఆ సోమవారమునాడు ఏ మహానగరమును శత్రువుల వశము కాలేదు. ఏ సంధియు జరుగలేదు. కాని తెలుగువారు మరువరాని దిన మది. ఆనాడు రెండవ ప్రపంచ యుద్ధము విశాఖపట్టణము, కాకినాడ రేవులపై బాంబుల రూపమున వచ్చి పడెను. ఆ యుద్ధమున భారతదేశపు ప్రధాన భూభాగముపై పడిన మొదటి బాంబు లవియే.

మన తీరమున పడిన ఆ కొద్ది బాంబులను మాత్రమే చూచినచో అది స్వల్ప సంఘటనగ తోచును. అదే దినమున తక్కిన రణరంగములలో ఏమి జరుగుచుండెనో కూడ చూచినచో, ఆ బాంబులు ఎచటినుండి వచ్చెనో, ఎందులకు వచ్చెనో, వానివలన నిజముగ కలిగిన నష్టమేదియో తెలియగలదు. సూర్యుడు సాగిన దారినే, తూర్పునుండి పడమరకు, ఆ దినమును పరిశీలించుట సులభము.

అప్పటి పరిస్థితి

1941 డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బరులోని అమెరికా నౌకాదళముపై దాడి చేసి యుద్ధమున దిగెను. నాలుగు నెలలు గడచునప్పటికి హాంగ్‌కాంగు, మలయా, డచ్చివారి తూర్పు దీవులు దాని వశమయ్యెను. అభేద్యమని పేరుపొందిన సింగపూరు 1942 ఫిబ్రవరి 15న లొంగిపోయెను. మార్చి 8న రంగూను, మార్చి 23న అండమాను దీవులు జపానువారి కైవసమయ్యెను. బంగాళాఖాతమునకు ఆవలి యొడ్డు చాలవరకు పరుల చేతిలోనికి పోగా, ఈవలి యొడ్డున నున్న మన తీరమే సరిహద్దుగ మారెను.

తూర్పున: బటాన్, బర్మా

ఆ యుదయమున సూర్యుడు ముందుగ చూచిన రణరంగములలో ఫిలిప్పైన్సు దేశమందలి బటాన్ ద్వీపకల్ప మొకటి. అచట అమెరికా, ఫిలిప్పైన్సు సైనికులు మూడు నెలలుగ ముట్టడిలో నుండిరి. తిండి సగమునకు తగ్గినది. మలేరియా జ్వరము శత్రువుకంటె ఎక్కువ మందిని మంచము పట్టించినది. ఏప్రిల్ 3న జపాను సేనాని హొమ్మా కడపటి దాడి ప్రారంభించెను. 6వ తేదీన రక్షకులు శక్తి కూడదీసికొని సమత్ కొండ చెంత ఎదురుదాడికి దిగిరి గాని, అది విఫలమయ్యెను. మూడు దినముల తరువాత, ఏప్రిల్ 9న, దాదాపు 75,000 మంది లొంగిపోయిరి. బందీలైనవారిని ఎండలో నడిపించుకొనిపోయిన ఘోరయాత్ర మృత్యుయాత్రయను పేరుతో చరిత్రకెక్కినది.

బర్మాలో బ్రిటిషు, భారతీయ సైన్యములు ఐరావతీ నదీలోయ వెంబడి ఉత్తరమునకు తగ్గిపోవుచుండెను. మార్చి చివర టౌంగూ, ఏప్రిల్ 2న ప్రోము పోయినవి. ఏప్రిల్ 3న మాండలే నగరము బాంబుల మంటలలో కాలిపోయెను. సైన్యములకు ముందును, వెనుకను నడచుచున్న మరియొక జనసమూహము కలదు. వారు బర్మాలో జీవనము సాగించుచుండిన భారతీయులు. వారిలో తెలుగువారు వేలకొలది యుండిరి. రంగూను రేవులో మూటలు మోసినది, బియ్యపు మిల్లులలో పనిచేసినది చాలవరకు గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాలనుండి పోయిన కూలిజనమే. కాకినాడ దగ్గరి కోరంగి రేవునుండి ఓడలెక్కి వెళ్లుటచేత బర్మావారు వారిని కోరంగీలని పిలుచుచుండిరి. వెళ్లినప్పుడు ఓడపై వెళ్లిన యా జనము తిరిగివచ్చునప్పుడు కాలినడకను అరకాను కొండలు, మణిపురము అడవులు దాటవలసి వచ్చినది. త్రోవలో కలరా, మలేరియాలకు, ఆకలికి బలియైనవారు వేలమంది.

అరకాను తీరమున అక్యాబు రేవు ఇట్టివారికి ఆశ్రయములలో నొకటి. సరిగా ఏప్రిల్ 6ననే భారత నౌకాదళపు యుద్ధనౌక ‘ఇండస్’ అక్యాబు దగ్గర జపాను విమానముల బాంబులు తగిలి మునిగిపోయెను.

బంగాళాఖాతము

ఆ దినపు ముఖ్యకార్యము మాత్రము సముద్రముపైననే జరిగినది. ఏప్రిల్ 1న బర్మా దక్షిణతీరమందలి మెర్గుయీనుండి జపాను నౌకాదళ మొకటి బయలుదేరెను. దానికి నాయకుడు వైస్ అడ్మిరల్ ఒజావా. ‘ర్యూజో’ అను చిన్న విమానవాహక నౌకయు, ఆరు క్రూయిజర్లును, కొన్ని డిస్ట్రాయర్లును దానిలో నుండెను. రంగూనునకు తమ సైన్యమును, సామగ్రిని చేర్చు సముద్రమార్గము నిరపాయముగ నుండవలెననియు, కలకత్తా, మద్రాసుల నడుమ ఓడల రాకపోకలు ఆగిపోవలెననియు వారి యుద్దేశము.

అప్పటికి కలకత్తా రేవు ఓడలతో నిండియుండెను. అచటనుంచినచో విమానదాడికి గురియగునను భయముచే అధికారులు వానిని దక్షిణమునకు పంపివేయుచుండిరి. తోడు యుద్ధనౌకలు చాలినన్ని లేవు. వర్తక నౌకలు తీరము పట్టుకొని ఒంటరిగనో, చిన్న గుంపులుగనో వచ్చుచుండెను. ఒజావా తన దళమును మూడు భాగములు చేసెను. ఒక భాగము ఒరిస్సా తీరమునకు, రెండవది మధ్యభాగమునకు, మూడవది దక్షిణమునకు పోయి 6వ తేది తెల్లవారినది మొదలు వేట సాగించెను. ‘డార్డానస్’, ‘గండారా’, ‘ఆటోలికస్’, ‘మాల్డా’, ‘ఇండోరా’, ‘సెల్మా సిటీ’ మొదలగు నౌకలు ఆ యొక్కనాడే దాడికి గురియై నష్టమయ్యెను. వానిలో బ్రిటిషువారివి, అమెరికావారివి, డచ్చివారివి, నార్వేవారివి కలవు. ఆ కొలది దినములలో బంగాళాఖాతమున మునిగిన వర్తక నౌకలు ఇరువదికి మించినవి. వాని మొత్తపు బరువు లక్ష టన్నులకు పైబడినది. ఇందు చాలభాగము 6వ తేది పనియే. బ్రతికినవారు పడవలలో తీరములు చేరుకొనిరి.

విశాఖపట్టణము, కాకినాడ

ఓడలను వేటాడుచునే ‘ర్యూజో’నుండి లేచిన విమానములు పగటివేళ విశాఖపట్టణముపైకిని, కాకినాడపైకిని వచ్చెను. 1914 సెప్టెంబరు 22న జర్మనుల ‘ఎండెన్’ నౌక మద్రాసుపై గుండ్లు ప్రేల్చిన తరువాత తూర్పుతీరమున శత్రువు దాడి యెరుగని జనము మొదట అవి తమవారి విమానములే యనుకొన్నను ఆశ్చర్యము లేదు. విశాఖ రేవు 1933లో ప్రారంభోత్సవము జరుపుకొన్నది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున తవ్విన ఆ రేవు తూర్పుతీరమున పెద్ద ఓడలు లోనికి వచ్చి నిలువగల అరుదైన రేవులలో నొకటి. దాని ప్రక్కనే సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసియుండిరి. కాకినాడలో ఓడలు సముద్రమున దూరముగ లంగరు వేయగా, పడవలే సరకును ఒడ్డు చేర్చుచుండెను.

జపాను విమానముల నెదిరింపగల యుద్ధవిమానములు ఆ తీరమున లేకుండెను. ఉన్న కొద్ది విమానములును సింహళమును, కలకత్తాను కాపాడుటకే చాలకుండెను. బాంబులు రేవు ప్రాంతములపై పడినవి. కొందరు మరణించిరి, మరికొందరు గాయపడిరి. రంగూను, మాండలేల దుఃస్థితితో పోల్చినచో ఆస్తినష్టము తక్కువయే.

కాని భయమునకు కొలత వేరు. రంగూనునుండి తిరిగివచ్చినవారి కథలు అప్పటికే ఊరూర వ్యాపించియుండెను. బాంబులు పడినవెంటనే జనము మూటలు కట్టుకొని రైళ్లపైనను, బండ్లపైనను, కాలినడకను లోపలి గ్రామములకు తరలిపోయిరి. రేవులో మూటలెత్తు కూలీలు కూడ పోవుటచే పని నిలిచిపోయెను. నౌకానిర్మాణశాల పని కుంటుపడెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడచి గుంటూరునకు తరలవలసి వచ్చెను. జపాను నౌకలు మద్రాసుపైకి వచ్చుచున్నవను తప్పుడు వార్తను నమ్మి మద్రాసు ప్రభుత్వమే కార్యాలయములను లోపలి పట్టణములకు తరలించెను. హైకోర్టు కోయంబత్తూరునకు పోయెను. రాని శత్రువునకు వెరచి మద్రాసు వీథులు పాడువడెను.

సింహళ సముద్రమునుండి మాల్టా వరకు

ముందుదినము, ఈస్టరు ఆదివారమున, నగుమో అను నౌకాధిపతి అయిదు విమానవాహక నౌకలతో వచ్చి కొలంబోపై దాడి చేసి, ‘డార్సెట్‌షైర్’, ‘కార్న్‌వాల్’ అను రెండు బ్రిటిషు క్రూయిజర్లను ముంచివేసియుండెను. ఆ నౌకల నావికులు ఒక రాత్రియు, మరుసటి పగలును, నూనె తేలిన నీటిలో, మాడు ఎండలో కొయ్యముక్కలు పట్టుకొని గడపిరి. 6వ తేది సాయంకాలము మూడు బ్రిటిషు నౌకలు వచ్చి 1,122 మందిని రక్షించెను. 424 మంది మరణించిరి. విశాఖపై బాంబులు పడుచున్నప్పుడు బ్రిటిషు నౌకాదళమేల అడ్డుపడలేదని ఆనాడు పెక్కురు ప్రశ్నించిరి. అడ్మిరల్ సోమర్విల్ చేతనున్న నౌకలు చాలవరకు పాతవి. తనకంటె బలవంతుడైన నగుమో ఏ దిక్కున నున్నాడో తెలియక అతడు పగటివేళ తప్పించుకొనుచు తిరుగుచుండెను. ఏప్రిల్ 9న నగుమో మరల వచ్చి ట్రింకోమలీపై దాడి చేసి, ‘హెర్మీస్’ విమానవాహక నౌకను ముంచెను.

ఆ దినములలో ఢిల్లీలో వేరొక పోరాటము జరుగుచుండెను. సర్ స్టాఫర్డ్ క్రిప్సు తెచ్చిన ప్రతిపాదనలపై మౌలానా ఆజాదు, జవహర్‌లాలు నెహ్రూలు చర్చలు జరుపుచుండిరి. దేశరక్షణ శాఖ ఎవరిచేత నుండవలెననునదే చిక్కుముడి. ఏప్రిల్ 6 జాతీయవారమునకు మొదటి దినము. 1919లో రౌలట్ చట్టమునకు ప్రతిగ దేశము హర్తాళ్ జరిపిన దినము, 1930లో గాంధీజీ దండిలో ఉప్పు తీసిన దినము. తమ తీరమును రక్షించుకొను అధికారము భారతీయులకు ఉండవలెనా యని ఢిల్లీలో వాదములు జరుగుచుండగనే, రక్షణలేని ఆ తీరముపై బాంబులు పడెను. కొద్దిదినములలో చర్చలు విఫలమయ్యెను. ఆగస్టులో ‘క్విట్ ఇండియా’ తీర్మానము వచ్చెను.

మరింత పడమట, రష్యాలో మంచు కరగనారంభించినది. డెమ్యాన్స్క్ దగ్గర చుట్టుముట్టబడిన దాదాపు లక్ష జర్మను సైన్యమును విడిపించుటకు హోరాహోరి పోరు జరుగుచుండెను. లెనిన్‌గ్రాడు ముట్టడి ఏడవ నెల గడచుచుండెను. లడోగా సరస్సు గడ్డకట్టిన మంచుపైననే అచటికి ఆహారము చేరుచుండెను. ఏప్రిల్ 5న హిట్లరు కాకసస్ నూనెబావులను పట్టుకొనవలెనని ఆజ్ఞాపత్రముపై సంతకము చేసెను. స్టాలిన్‌గ్రాడ్ వినాశమునకు దారితీసిన యాజ్ఞ యదియే. లిబియాలో గజాలా దగ్గర రెండు పక్షములును బలము కూడదీసికొనుచుండెను. మధ్యధరా సముద్రమందలి మాల్టా దీవిపై ఆ నెలలో 6,700 టన్నుల బాంబులు పడెను. ఆ ప్రజల ధైర్యమునకు ఏప్రిల్ 15న దీవి కంతకును జార్జి క్రాసు పతకము నిచ్చిరి.

ఎవరికిని కానరాని మలుపు

ఏప్రిల్ 6న పటము చూచినవారికి అన్నిచోట్లను ఓటమియే కానవచ్చును. కాని అదే దినమున శాంతమహాసముద్రమున ‘హార్నెట్’ అను అమెరికా నౌక పదునారు బాంబు విమానములతో రహస్యముగ పడమరకు సాగుచుండెను. అవి ఏప్రిల్ 18న టోకియోపై దాడి చేసెను. జూన్ 4న మిడ్వే యుద్ధములో నగుమో నాలుగు విమానవాహక నౌకలను కోల్పోయెను. విశాఖపై విమానములను పంపిన ‘ర్యూజో’ ఆగస్టు 24న సాలమన్ దీవులకు తూర్పున మునిగిపోయెను. జపాను పెద్ద నౌకాదళము మరల బంగాళాఖాతమున అట్టి దాడికి రాలేదు. జపాను సముద్రబలము పడమరకు చాచిన చేయి ఆ వారముననే కడపటి కొసను తాకినదని ఆనాడు విశాఖనుండి పారిపోవుచున్నవారికి గాని, ఢిల్లీలోని సేనాపతులకు గాని తెలియదు.

నిజమైన నష్టము

ఆనాటి నష్టమును రేవులో పడిన బాంబులతో లెక్కించినచో పొరపాటగును. దెబ్బ తగిలినది ఓడలకు, వానితోపాటు బియ్యమునకు. యుద్ధమునకు ముందు బర్మానుండి ఏటేట పది లక్షల టన్నులకు మించిన బియ్యము భారతదేశమునకు వచ్చుచుండెను. రంగూను పోవుటతో ఆ బియ్యము రాక తప్పెను. ఓడలు మునిగి, తూర్పు రేవులలో రాకపోకలు వారముల తరబడి స్తంభించుటతో సరకు చేరవేయు భారము రైళ్లపై పడెను. శత్రువు చేత పడకూడదని వంగ తీరమున పడవలను, ధాన్యమును ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. వీనికి ధరల పెరుగుదల, దొంగనిలువలు, అధికారుల ఉపేక్ష తోడై 1943 వంగక్షామమునకు దారితీసెను. ప్రభుత్వ విచారణసంఘమే దాదాపు 15 లక్షలమంది చనిపోయిరని చెప్పెను. తరువాతి పరిశోధకులు 30 లక్షల వరకు చెప్పియున్నారు. బాంబు తగిలి చనిపోయినవారికంటె, బాంబునకు జడిసి చేసిన పనులవలనను, చేయని పనులవలనను చనిపోయినవారే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇందు గ్రామవాసులు గ్రహింపదగిన దొకటి కలదు. ఆనాడు వదంతి పత్రికకంటె ముందుగ ఊరు చేరినది. మద్రాసు ప్రభుత్వము వంటి సర్వసాధనములు గలవారే తప్పుడు వార్తచే మోసపోయిరి. దండెత్తి వచ్చినది ఎంత బలము, ఎందులకు వచ్చినది, ఎప్పుడు మరలిపోయినది అను సంగతులు యుద్ధానంతరమున దస్తరములు వెలువడి గ్రంథములైన తరువాతనే లోకమునకు తెలిసినవి. విశాఖ నౌకానిర్మాణశాల మాత్రము అంతవరకు ఆగలేదు. 1948 మార్చి 14న ‘జలఉష’ నౌక అచటనుండి సముద్రమున దిగెను. భయము ఒక్క పగటిలో ఊళ్లను ఖాళీ చేయగలదు. జరిగినదేమో నెమ్మదిగ విచారించి తెలిసికొనుటకు ఏండ్లు పట్టును. ఆ పనికి చోటిచ్చుటకే గ్రామములలో గ్రంథాలయములు వెలసినవి.