భేతాళ కథ: శ్మశానం నుంచి చందమామ వరకు

ఉపోద్ఘాతం

భేతాళ కథ అనగానే చాలామందికి 'చందమామ' పత్రిక గుర్తుకు వస్తుంది. అందువల్ల దీన్ని పిల్లల కథగా భావించడం సహజం. చరిత్రను పరిశీలిస్తే ఇది పెద్దల కోసం పుట్టిన కథ అని తెలుస్తుంది. శ్మశానం, శవం, నరబలి దీని నేపథ్యం కాగా, న్యాయాన్యాయ విచారణ దీని సారం. భయం గొలిపే కల్పన సమాజానికి ఎలా ఉపయోగపడిందో, ఎప్పుడు ప్రమాదకరమవుతుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

మూలాలు

శాతవాహనుల ఆస్థానంలోని గుణాఢ్యుడు పైశాచీ భాషలో బృహత్కథను రచించాడని ప్రతీతి. రాజు దాన్ని నిరాకరించగా, అతడు అడవిలో ఒక్కొక్క పత్రాన్నే మృగాలకు చదివి వినిపించి అగ్నిలో వేశాడని ఐతిహ్యం. ఆ మూలగ్రంథం నేడు లభించడం లేదు. 11వ శతాబ్దిలో కాశ్మీర కవి సోమదేవుడు సూర్యమతి రాణి కోసం రచించిన కథాసరిత్సాగరం, బృహత్కథా సారమే తానని చెప్పుకొంటుంది. భేతాళ పంచవింశతి ఇందులో ఒక భాగం.

కథా నిర్మాణం

ఒక భిక్షువు రోజూ రాజుకు ఒక పండు సమర్పిస్తాడు. ఆ పండ్లలో రత్నాలున్నట్లు చాలాకాలం తరువాత బయటపడుతుంది. ప్రతిఫలంగా, శ్మశానంలో చెట్టుకు వేలాడే శవాన్ని తెచ్చిపెట్టమని భిక్షువు కోరతాడు. శవాన్ని ఆవహించిన భేతాళుడు దారిలో కథ చెప్పి, చివర ఒక చిక్కుప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

ప్రశ్నలు పెద్దలవే. ఒక కథలో స్త్రీ తొందరపాటులో తన భర్త తలను అన్న మొండానికి, అన్న తలను భర్త మొండానికి అతికిస్తుంది. ఇప్పుడు ఆమె భర్త ఎవరు? భర్త తల ఉన్నవాడేనని రాజు తీర్పు. ఈ ఇతివృత్తం ఆధారంగానే జర్మన్ రచయిత థామస్ మాన్ 1940లో నవల వెలువరించాడు. గిరీశ్ కర్నాడ్ 'హయవదన' నాటకానికీ ఇదే మూలం.

చివరి ప్రశ్నకు రాజుకు జవాబు తెలియదు. ఆ మౌనానికి మెచ్చిన భేతాళుడు, భిక్షువు తనను బలి ఇవ్వబోతున్నాడని రాజును హెచ్చరిస్తాడు. భయపెట్టినవాడు కాపాడాడు, పండ్లు తెచ్చినవాడు హంతకుడయ్యాడు. రూపాన్ని చూసి మనిషిని నమ్మరాదన్నదే ఈ కథాచట్రం చెప్పే నీతి.

చందమామలో భేతాళుడు

కడప జిల్లాకు చెందిన బి. నాగిరెడ్డి, తెనాలికి చెందిన చక్రపాణి 1947లో మద్రాసులో చందమామను స్థాపించారు. 1952 నుంచి 1980లో మరణించే వరకు కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదక బాధ్యతలు నిర్వహించారు. పాత కథలు అయిపోయినా శీర్షిక ఆగలేదు. చట్రం అలాగే ఉంచి కొత్త కథలు చేర్చారు. కత్తి చేతబట్టి శవాన్ని భుజాన వేసుకున్న రాజు బొమ్మను శంకర్ గీశారు. 'పట్టువదలని విక్రమార్కుడు' అన్న మాట జాతీయంగా స్థిరపడింది. కుటుంబరావు హేతువాద దృష్టి గల రచయిత అన్న విషయం గమనించదగినది. దయ్యాలను నమ్మనివారు కూడా దయ్యాల కథకు విలువ ఇవ్వవచ్చు.

కల్పన, విశ్వాసం

1980 ప్రాంతంలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' నవలతో భీతిగొలిపే కథ మళ్లీ పెద్దల పాఠకలోకానికి వచ్చింది. ఒక బాలికపై క్షుద్రప్రయోగం దాని ఇతివృత్తం. ఇటువంటి రచనలు మూఢనమ్మకాలను పెంచుతాయని హేతువాదులు విమర్శించారు. ఈ విమర్శను తేలికగా తీసిపారేయలేం. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో తెలుగు పల్లెల్లో మనుషులను కొట్టి చంపిన ఘటనలు ఉన్నాయి. బాధితులు తరచు పేదలు, ఒంటరివారు.

అయితే తేడా ఒకటి ఉంది. భేతాళ కథ భయం దగ్గర ఆగకుండా ప్రశ్న అడుగుతుంది, జవాబుకు కారణం చెప్పమంటుంది. అనుమానంతో చేసే హత్యలో ప్రశ్నా లేదు, విచారణా లేదు.

సారాంశం

భేతాళ కథ ఆస్థానంలో, పత్రికలో, రంగస్థలంపై రూపం మార్చుకుంది. భయాన్ని ఆలోచనకు దారిగా వాడుకోవడం మాత్రం మారలేదు. భీతికల్పనను అంచనా వేయడానికి ఇదే తగిన కొలమానం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. భేతాళ కథాచట్రంలో మౌనానికి ఉన్న ప్రాధాన్యాన్ని వివరించండి.
2. కలకడ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల విద్యార్థులు తమ ఊరి పెద్దల నుంచి ఒక దయ్యం కథను సేకరించండి. అది వినేవారిని ఆలోచింపజేస్తుందా, ఎవరినైనా అనుమానించేలా చేస్తుందా? చర్చించండి.