సూదిమొనతో సంతకము

బెంగాలీ పల్లెకవి జసీముద్దీన్ కన్నుమూసి ఈ 2026 మార్చి 14వ తేదీకి ఏబది సంవత్సరములు నిండినవి. ఆ సందర్భమున ఆయన ‘నక్షీ కాంథార్ మాఠ్’ అను కథాకావ్యమును మరల చేత బట్టినపుడు, నాకు కవికన్న ముందుగా మా అమ్మమ్మ జ్ఞాపకమునకు వచ్చినది. సంక్రాంతి పనులు తీరిన పిదప నడవలో చాప పరచి, చిరిగిన పంచలను, వెలిసిన చీరలను నాలుగైదు పొరలుగా పేర్చి, జరిగిపోకుండ మూలలయందు నీళ్లచెంబులు బరువుగా ఉంచి, దబ్బనముతో ఆమె కుట్టిన బొంతలమీదనే మేమందరము పెరిగితిమి. కావ్యము పేరునకు ‘బొమ్మల బొంత పొలము’ అని అర్థము చెప్పుకొనవచ్చును.

బెంగాలువారి కాంథా మన బొంతకు తోబుట్టువు. సంస్కృతమున కంథ యనగా అతుకుల వస్త్రము. భిక్షువునకు, విరాగికి అది గుర్తు. వైష్ణవగురువు చైతన్యుని జీవితకథయైన చైతన్య చరితామృతమున ఒక ముచ్చటైన ఘట్టము కలదు. సర్వమును విడిచి కాశిలో గురువైన చైతన్యుని చేరిన సనాతన గోస్వామి భుజముపై బావగారిచ్చిన విలువైన కంబళి యుండెను. చైతన్యుని చూపు మాటిమాటికి ఆ కంబళిపై పడుచుండుట గ్రహించి, సనాతనుడు గంగ యొడ్డునకు పోయి, అచ్చట తన కాంథాను ఉతికి ఆరవేసికొనుచున్న ఒక గౌడదేశపు బిచ్చగానిని బతిమాలి, కంబళి నతనికిచ్చి ఆ చింకిబొంతను కప్పుకొని వచ్చెను. ఆ తరువాత కొంతకాలమునకు, హుగ్లీ తీరమందలి సాత్‌గావ్ ప్రాంతమున, పోర్చుగీసు వర్తకుల కొరకు పసుపు వన్నె పట్టుదారముతో బైబిలు కథలను, గ్రీకు పురాణగాథలను కుట్టిన దుప్పట్లు ఓడలెక్కి లిస్బనుకు పోయినవి. అవి నేటికిని యూరపు ప్రదర్శనశాలలలో భద్రముగా నున్నవి. బిచ్చగాని కాంథా మాత్రము మిగులలేదు. నూలుబట్ట, వానతేమ, చెదలు కలిసిన బెంగాలు నేలలో, నిత్యము కప్పుకొని ఉతుకుకొనిన వస్తువు రెండు తరములు దాటుట కష్టము. అందుచేత మనకు దొరకిన పాత కాంథాలు చాలవరకు పందొమ్మిదవ శతాబ్దమునకు చెందినవే.

కాంథా పనికి కొత్తబట్ట యక్కరలేదు. ఉతికి ఉతికి మెత్తబడిన చీరలు, వాని అంచులనుండి ఓపికతో లాగిన ఎరుపు, నీలి, నలుపు దారములు, ఒక సూది ఉన్న చాలును. నడుమ పద్మము, నాలుగు మూలలనుండి దానివైపునకు వంగిన చెట్లు, ఆ మధ్య ఖాళీలలో ఏనుగులు, పల్లకీలు, చేపలు, కత్తెర, దువ్వెన, అట్లకాడ వంటి ఇంటి వస్తువులు. బొమ్మ లేని చోటును కూడ కుట్టునామె విడువదు. సూది ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి పోవు అతి సామాన్యమైన కుట్టుతో, తెల్లదారమున బొమ్మచుట్టును వలయముపై వలయముగా కుట్టుకొనిపోగా, బట్ట సన్నగా ముడుచుకొని, చెరువులో రాయి వేసినప్పటి అలలు నిలిచిపోయినట్లు కనుపించును. చలికి కప్పుకొనునది లేప్, అతిథికి పరచునది సుజని, పుస్తకములు చుట్టునది బాయ్‌టన్, అద్దమును దువ్వెనను చుట్టునది ఆర్శీలత. అక్షరములు రాని స్త్రీకి అదియే కాగితము.

ఈ మాటను జసీముద్దీన్ గ్రహించినంతగా మరియొకరు గ్రహింపలేదని నా యభిప్రాయము. ఫరీద్‌పూర్ ప్రాంతమున 1903లో పుట్టి, ఊరూర తిరిగి జానపదగేయములు సేకరించిన ఆయన, 1929లో ప్రకటించిన ఈ కావ్యమున చెప్పినది మిక్కిలి చిన్న కథ. రెండు పల్లెలు, నడుమ ఒక పొలము. ఈవలి పల్లెలో వేణువూదు రైతుకుర్రవాడు రూపాయి; ఆవలి పల్లెలో సాజు. వానకై పాడుచు ఇల్లిల్లు తిరిగిన బాలికల గుంపులో అతడామెను చూచెను, పెండ్లియైనది. రాత్రులు అతడు వేణువూదుచుండగా ఆమె ప్రక్కన కూర్చుండి కాంథా కుట్టుచుండెడిది. పంట కోతకు వచ్చిన దినములలో పరులు వచ్చి వరి కోసికొని పోజూడగా, రూపాయి కర్ర పట్టి ముందు నిలిచెను. కొట్లాటలో ప్రాణములు పోయినవి. అతడు ఒక్క రాత్రి భార్యకు కనబడి, సెలవు తీసికొని, చీకటిలో కలిసిపోయెను. ఏండ్లు గడచినవి. సాజు ఆనాడు మధ్యలో ఆపిన కాంథాను మరల విప్పి, తన పెండ్లిని, ఇంటిని, భర్త వేణువును, చివరి రాత్రిని ఒక్కొక్కటిగా కుట్టినది. కుట్టుట ముగిసినది, ఆయువును ముగిసినది. దానిని తన సమాధిపై పరచుమని తల్లిని వేడి కన్నుమూసినది. కొంతకాలమునకు, ఆ సమాధి చెంత వేణునాదము వినవచ్చిన రాత్రి గడచి తెల్లవారగా, పాలిపోయిన దేహముతో ఒక పరదేశి ఆ కాంథాను చుట్టుకొని మరణించి యుండెను. నాటినుండి ఆ పొలమునకు ఆ పేరు వచ్చినదని కవి చెప్పెను.

ఈ కథను నేను ఎన్నిమారులు చదివితినో చెప్పలేను. సాజు సూదిలో దారమెక్కించు చోటికి వచ్చునప్పటికి నా గొంతు పూడిపోవును. 1939లో మిల్ఫర్డ్ అను నామె దీనిని ఆంగ్లీకరించినది. ఆ యేటనే కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ కాంథాపై వ్యాసము ప్రకటించి, పల్లె స్త్రీల కుట్టుపనిని కళాచరిత్రలోనికి తెచ్చినది. అంతకు మునుపే, ఐ.సి.ఎస్. ఉద్యోగియైన గురుసదయ్ దత్తు (1882–1941) జిల్లాలు తిరుగుచు కాంథాలను సేకరించి యుండెను. ఆయన సేకరణ నేడు కలకత్తా శివార్లలో ఆయన పేరిటి మ్యూజియమున నున్నది. అందులో పందొమ్మిదవ శతాబ్దపు కాంథా యొకటి మానదాసుందరి యను నామెది. తండ్రికి కానుకగా దానిని తన చేతులతో కుట్టి, ఆ మాటను, తన పేరును అందులోనే దారముతో వ్రాసినది. పేరు లేని వేల బొంతల నడుమ ఆ సంతకమెంత ధైర్యము!

దేశవిభజన తరువాత కాంథా కథ తిన్నగా సాగదు. కుటుంబములు చెదరినవి, పెట్టెలలోని కాంథాలు దారితప్పినవి. 1971 యుద్ధానంతరము బంగ్లాదేశమున దిక్కులేని స్త్రీలకు సూది జీవనోపాధి యైనది. చిత్రకారిణి సురయ్యా రహమాన్ (1938–2018) తాను గీసిన చిత్రములను ఢాకాలోని పేదస్త్రీల చేత కుట్టించి, బొంతను గోడనెక్కించినది. పశ్చిమ బెంగాలున ప్రీతికణా గోస్వామి, చిన్ననాడే తండ్రిని కోల్పోయి, స్నేహితురాలి యింట కుట్టుపని చూచి సూది పట్టి, ఎందరో స్త్రీలకు ఉచితముగా నేర్పినది; 2023లో ఆమెకు పద్మశ్రీ లభించినది. మరుసటి యేడు అదే గౌరవము మరియొక కాంథా కళాకారిణి తక్‌దీరా బేగమునకు దక్కినది. వీరి పనియందు నాకు స్ఫూర్తినిచ్చునది నైపుణ్యమొక్కటియే కాదు. సాజు సమాధి పాలు చేసిన పనిని వీరు పేరుతో లోకమునకు చూపిరి.

మన బట్టల దుకాణములలోను ‘కాంతా వర్క్’ చీరలు గుట్టలుగా నున్నవి. వానిలో అచ్చువేసినవి కలవు, మిషనుపై కుట్టినవి కలవు. గుర్తింపదలచిన, చీరను వెనుకకు త్రిప్పి చూడుడు: చేతిపనిలో కుట్టుకు కుట్టుకు నడిమి జాగా సమానముగా నుండదు, దారము తీరిన చోట చిన్న ముడి వ్రేలికి తగులును. ఆ ముడి వేసిన స్త్రీ పేరు చీటీపై ఎచ్చటను ఉండదు. ఇది యన్యాయము. చేనేత వస్త్రముపై నేతగాని పేరు అడుగువారు కుట్టుపనికిని అడుగవలెను.

మా అమ్మమ్మ బొంతలలో ఒక్కటియే మిగిలినది; దానిపై ఏ పేరును లేదు. మీ యింట అటకపై పాతబొంత యున్నచో పారవేయకుడు. ఎవరు కుట్టిరో పెద్దలనడిగి తెలిసికొని, ఆ పేరును ఒక మూల దారముతో కుట్టి యుంచుడు.