చిన్న కోత గుండె ఆపరేషన్: ఊపిరితిత్తులకు వచ్చే ముప్పు

ఛాతీ మధ్య ఎముక కోయకుండా, కుడి పక్కటెముకల సందులో రెండు మూడు అంగుళాల కోతతో గుండెలోని మైట్రల్ వాల్వు బాగుచేయడం ఇప్పుడు హైదరాబాద్‌లో మామూలే. చిన్నప్పటి కీళ్లవాత జ్వరంతో పాడైన వాల్వులు మన దేశంలో ఇంకా ఎక్కువే. కోత చిన్నది, నొప్పి తక్కువ, త్వరగా ఇంటికొస్తారు. నిజమే. కానీ కోత చిన్నదైతే ప్రమాదమూ చిన్నదే అనుకోవద్దు.

కుడివైపు నుంచి గుండెను చేరాలంటే కుడి ఊపిరితిత్తి అడ్డం. అందుకే మత్తు డాక్టర్ రెండు దారుల గొట్టం వేసి, ఎడమ ఊపిరితిత్తి ఒక్కదానికే గాలి ఇస్తారు. కుడిది గాలి తీసిన బెలూన్‌లా ముడుచుకుంటుంది. వాల్వు పని జరిగేంతసేపు హార్ట్‌లంగ్ మెషీన్ నడుస్తుంది. పని అయ్యాక కుడి ఊపిరితిత్తిని మళ్లీ విప్పుతారు. అరుదుగా అక్కడే చిక్కు వస్తుంది: సన్నని రక్తనాళాల గోడలు దెబ్బతిని, నీరు గాలి గదుల్లోకి ఊరుతుంది. దీని పేరు రీఎక్స్‌పాన్షన్ పల్మనరీ ఎడీమా.

ఇది ఎక్కువగా మొదటి కొన్ని గంటల్లోనే, ఐసీయూలో బయటపడుతుంది. ఆక్సిజన్ పడిపోతుంది, గొట్టంలో గులాబీ రంగు నురగ వస్తుంది, ఎక్స్‌రేలో కుడివైపు తెల్లగా కనబడుతుంది. వెంటిలేటర్ ఒత్తిడి పెంచి, ఒంట్లో నీరు తగ్గించే మందులిస్తే చాలామంది కోలుకుంటారు. బాగా ముదిరితే ఎక్మో మెషీన్ పెట్టాల్సి రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు.

మెషీన్ మీద ఎక్కువసేపు ఉన్నవారికి, ఊపిరితిత్తుల రక్తపోటు, సీఓపీడీ ముందే ఉన్నవారికి ముప్పు ఎక్కువ. కాబట్టి బీడీ, హుక్కా, ఆస్తమా, పాత టీబీ సంగతి డాక్టర్ దగ్గర దాచొద్దు. అబ్బాజాన్ ముందు కొడుకు చెప్పలేకపోతే, పక్కకు వెళ్లి చెప్పాలి. టీబీతో ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుని ఉంటే కుడివైపు కోత కష్టం. అప్పుడు ‘ఛాతీ మధ్యలో తెరిచే చేస్తాం’ అన్నారంటే వాళ్లకు చేతకాక కాదు.

పంజాగుట్ట నిమ్స్‌లో, అఫ్జల్‌గంజ్ ఉస్మానియా దవాఖానలో గుండె ఆపరేషన్ విభాగాలున్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. చిన్న కోత పద్ధతికీ వర్తిస్తుందా అని ముందే అడగండి.

ఐసీయూ దగ్గర ఇయాదత్‌కు గుంపుగా వెళ్లొద్దు, న్యుమోనియా భయం ఉంటుంది. కిషన్‌బాగ్‌లో ఇంటికొచ్చాక ఆయాసం పెరిగినా, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోయినా, జ్వరం, కళ్లెలో రక్తం, ఒక కాలికే వాపు కనబడినా గల్లీ క్లినిక్‌లో ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోకుండా ఆపరేషన్ చేసిన దవాఖానకే వెళ్లాలి. ఊపిరి అసలే అందకపోతే 108కు ఫోన్ చేయండి.